ఫెరెట్ల అధివృక్క వ్యాధి: పరీక్షల ఎంపికలో వివేకం

వైద్యశాస్త్రంలో ప్రశ్న ముందు పుడుతుంది. పరీక్ష తరువాత పుడుతుంది. ఈ క్రమం తలకిందులైనప్పుడు రోగికి శ్రమ, యజమానికి వ్యయం, వైద్యునికి సందిగ్ధం మాత్రమే మిగులుతాయి. మనుషుల వైద్యానికి వర్తించే ఈ సత్యం మూగజీవుల వైద్యానికి మరింతగా వర్తిస్తుంది. తన బాధ ఎక్కడ ఉన్నదో చెప్పలేని ప్రాణికి పరీక్షలే నోరు. ఆ నోటిని ఏమి అడగాలో ముందుగా ఎరిగి ఉండడం ఆ ప్రాణిని పెంచేవారి బాధ్యత.

గత సంవత్సరం మా పూర్వవిద్యార్థి ఒకడు అమెరికా నుండి ఫోను చేశాడు. అతని కుమార్తె ఒక ఫెరెట్‌ను పెంచుతున్నది. ఆడది, నాలుగేళ్ల వయసు. తోక మొదట ప్రారంభమై వీపు సగం వరకు దాని వెంట్రుకలు రాలిపోయాయి. పశువైద్యుడు చూచి, అధివృక్క గ్రంథి వ్యాధి కావచ్చునని చెప్పి, నాలుగు పరీక్షల పేర్లు వ్రాసి ఇచ్చాడట. “సార్, నాలుగూ చేయించే స్తోమత లేదు. ఏది మానుకుంటే దానికి అన్యాయం చేసినట్లవుతుందో తెలియడం లేదు. పాప రోజూ అడుగుతున్నది” అన్నాడు. మేము భాషాబోధకులమే గాని వైద్యులము కాము. అయినా ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. లభించిన శాస్త్రవ్యాసాలు చదివి, పశువైద్యం ఎరిగిన మిత్రులను సంప్రదించి, గ్రహించిన విషయాలను విద్యార్థుల కొరకు ఇక్కడ పొందుపరుస్తున్నాము. ఇది వైద్యుని సలహాకు ప్రత్యామ్నాయం కాదు; వైద్యుని ఏమి అడగాలో తెలుసుకొనే ప్రయత్నం మాత్రమే.

ఫెరెట్ అనగా ఏమి?

ఫెరెట్ మన ప్రాంతంలో అరుదు. చూపుకు ముంగిసను తలపిస్తుంది గాని ముంగిస జాతి వేరు, దీని జాతి వేరు. ఇది వీజిల్, నీటికుక్క మొదలైనవి చేరిన మస్టెలిడే కుటుంబానికి చెందినది. ఐరోపా ఖండంలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువును రెండువేల సంవత్సరాలకు పూర్వమే మనిషి మచ్చిక చేసుకోగా ఫెరెట్ ఏర్పడిందని పండితుల అభిప్రాయం. బొరియలలో దాగిన కుందేళ్లను వెళ్లగొట్టడానికి వేటగాళ్లు దీనిని పెంచేవారు. సన్నని, పొడవైన దేహం, పొట్టి కాళ్లు, బరువు సుమారు ఒక కిలో, ఆయుష్షు సాధారణంగా 5 నుండి 8 సంవత్సరాలు. అమెరికాలో 1980ల నుండి ఇది ఇంటి జంతువుగా విశేష ప్రచారం పొందింది.

వ్యాధికి మూలం

మూత్రపిండాల సమీపంలో, ఒక్కొక్క వైపు ఒక్కొక్కటిగా, అధివృక్క గ్రంథులు రెండు ఉంటాయి. వీటినే అడ్రినల్ గ్రంథులు అంటారు. ఆరోగ్యవంతమైన ఫెరెట్‌లో వీటి మందం సుమారు 2 లేక 3 మిల్లీమీటర్లు మాత్రమే. అనగా ఒక కందిగింజ కన్నా పలుచన. వీటి పైపొర, అనగా వల్కలం, పలు హార్మోనులను తయారుచేస్తుంది. ఈ గ్రంథులు పనిచేయడం మానివేస్తే కలిగే వ్యాధిని 1855లో థామస్ అడిసన్ వర్ణించాడు. కార్టిసాల్ అనే హార్మోను శరీరంలో మితిమీరినప్పుడు కలిగే స్థితి హార్వీ కుషింగ్ పేరుతో ప్రసిద్ధమైంది. కుక్కలలోను ఈ కుషింగ్ వ్యాధి తరచుగా కనిపిస్తుంది.

ఫెరెట్ విషయం వేరు. దాని అధివృక్క గ్రంథి వ్యాధిగ్రస్తమైనప్పుడు సాధారణంగా మితిమీరేది కార్టిసాల్ కాదు. ఈస్ట్రడయోల్, ఆండ్రోస్టీన్‌డయోన్, 17-హైడ్రాక్సీప్రొజెస్టిరోన్ వంటి లైంగిక హార్మోనులు. పరీక్షల ఎంపిక అంతా ఈ ఒక్క భేదం మీద ఆధారపడి ఉన్నది.

ఇట్లు ఎందుకు జరుగుతుంది? మెదడులోని హైపోథాలమస్ పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది. పీయూష గ్రంథి ల్యూటినైజింగ్ హార్మోనును విడుదల చేసి బీజకోశాలను, అనగా వృషణాలను లేక అండాశయాలను, ప్రేరేపిస్తుంది. బీజకోశాలు తమ హార్మోనులను తయారుచేసి, ఇక చాలునని మెదడుకు తిరిగి కబురు పంపుతాయి. బీజకోశాలను తొలగించినప్పుడు ఆ కబురు ఆగిపోతుంది. పీయూష గ్రంథి మాత్రం ఆజ్ఞలు జారీచేస్తూనే ఉంటుంది. పిండదశలో అధివృక్క వల్కలం, బీజకోశాలు ఒకే మూలకణజాలం నుండి ఏర్పడతాయి. అందువలన ఆ ఆజ్ఞను అందుకొనే గ్రాహకాలు అధివృక్కంలోను ఉన్నాయి. యజమాని లేని ఇంటికి వచ్చిన జాబును పొరుగువాడు విప్పి చదివినట్లు, బీజకోశాలకు ఉద్దేశించిన ఆజ్ఞను అధివృక్క గ్రంథి అందుకొని పని ప్రారంభిస్తుంది. క్రమంగా దాని కణాలు పెరుగుతాయి. ఆ పెరుగుదల కొన్నింటిలో కేవల వృద్ధిగాను, కొన్నింటిలో నిరపాయకరమైన కంతిగాను, కొన్నింటిలో క్యాన్సర్‌గాను పరిణమిస్తుంది.

అమెరికాలోని పెంపకపు కేంద్రాలలో ఫెరెట్ పిల్లలకు ఆరు వారాల వయసు నాటికే బీజకోశాలు తొలగించడం పరిపాటి. నెదర్లాండ్స్‌లో ఈ శస్త్రచికిత్సను మరికొంత వయసు వచ్చిన తరువాత చేస్తారు. అక్కడి యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2000లో ప్రకటించిన అధ్యయనంలో, శస్త్రచికిత్స జరిగిన నాటి వయసుకు, వ్యాధి బయటపడిన నాటి వయసుకు సంబంధం ఉన్నట్లు తేలింది. రెంటి నడుమ వ్యవధి సగటున సుమారు మూడున్నర సంవత్సరాలు. శస్త్రచికిత్స మానివేయడం కూడా సులభం కాదు. ఆడ ఫెరెట్ ఎదకు వచ్చి జతకూడకపోతే ఆ స్థితి దీర్ఘకాలం కొనసాగుతుంది. మితిమీరిన ఈస్ట్రోజెన్ వలన ఎముకమజ్జ దెబ్బతిని, రక్తహీనతతో అది మరణించవచ్చు. ఒక ప్రమాదాన్ని తప్పించే ప్రయత్నంలో మరొక ప్రమాదం ఏర్పడిన తీరు ఇది.

లక్షణాలు చెప్పే సాక్ష్యం

మొదటి పరీక్షకు యంత్రమేదీ అక్కరలేదు, కన్ను చాలు. రెండు వైపులా సమానంగా వెంట్రుకలు రాలడం, తోక మొదట ప్రారంభమై ముందుకు వ్యాపించడం, శస్త్రచికిత్స జరిగిన ఆడదానిలో జననాంగం వాచడం, దురద, మగదానిలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రానికి అడ్డుపడడం, అణగిపోయిన లైంగిక ప్రవర్తన మరల తలెత్తడం ముఖ్య లక్షణాలు. మూడేళ్లు దాటిన ఫెరెట్‌లో ఇటువంటివి రెండు మూడు కలిసి కనిపిస్తే అనుమానం చాలావరకు బలపడినట్లే. అయితే తోక మీది వెంట్రుకలు మాత్రమే ఋతువును అనుసరించి రాలి, మరల మొలవడం కూడా కలదు. అది వ్యాధి కాకపోవచ్చు. వెంట్రుకలు రాలక దురద మాత్రమే ఉంటే ముందు గోమార్లు, గజ్జి పురుగుల కొరకు చర్మాన్ని పరీక్షించాలి.

ఏ పరీక్ష ఏమి చెబుతుంది?

కుక్కలలో కుషింగ్ వ్యాధిని పట్టడానికి రెండు ప్రసిద్ధ పరీక్షలు ఉన్నాయి. ఒకటి ఏ.సి.టి.హెచ్. అనే హార్మోనును ఎక్కించి కార్టిసాల్ పెరుగుదలను కొలవడం. రెండవది డెక్సామెథసోన్ ఇచ్చి కార్టిసాల్ తగ్గుదలను కొలవడం. రెండూ కార్టిసాల్ చుట్టూ తిరిగేవే. ఫెరెట్ వ్యాధిలో ప్రధాన దోషి కార్టిసాల్ కాదు గనుక ఇవి ఇక్కడ ఉపయోగపడవు. పరీక్ష గొప్పదే, ప్రశ్న వేరు. మూత్రంలో కార్టిసాల్, క్రియాటినిన్ నిష్పత్తి కొన్ని వ్యాధిగ్రస్తమైన ఫెరెట్లలో పెరుగుతుంది గాని, ఇతర కారణాల వలన కూడా పెరగవచ్చు. అందుచేత దానిపై మాత్రమే ఆధారపడి తీర్పు చెప్పడం తగదు.

రక్తంలో లైంగిక హార్మోనుల పరీక్ష ఈ వ్యాధికి తగినది. పైన చెప్పిన మూడు హార్మోనులను కలిపి కొలుస్తారు. వాటిలో ఒకటి గాని, అంతకు మించి గాని పెరిగి ఉంటే అనుమానం బలపడుతుంది. కాని దీనికి మూడు పరిమితులు ఉన్నాయి. మొదటిది: వ్యాధి ఎడమ గ్రంథిలో ఉన్నదో, కుడి గ్రంథిలో ఉన్నదో చెప్పదు. రెండవది: అది నిరపాయకరమైన కంతియో, క్యాన్సరో చెప్పదు. మూడవది: శస్త్రచికిత్సలో అండాశయపు ముక్క లోపల మిగిలిపోయిన ఫెరెట్‌లో కూడా ఇవే హార్మోనులు పెరుగుతాయి. కాబట్టి అధివృక్క వ్యాధికి, మిగిలిన అండాశయానికి భేదం ఈ పరీక్ష వలన తేలదు.

అల్ట్రాసౌండ్ పరీక్ష గ్రంథిని చూపుతుంది. ఏ వైపు గ్రంథి పెరిగినది, ఎంత పెరిగినది, దాని ఆకారం మారినదా అనే ప్రశ్నలకు ఇదే సమాధానం. 2007లో యూట్రెక్ట్ పరిశోధకులు ప్రచురించిన పరిశీలన ప్రకారం గ్రంథి మందం 3.9 మిల్లీమీటర్లు మించడం, గుండ్రంగా మారడం, లోపలి అల్లిక ఏకరీతిగా లేకపోవడం వ్యాధికి సూచనలు. కుడి గ్రంథి దేహంలోని పెద్ద సిరకు అంటుకొని ఉంటుంది. దానిని కోసి తీయడం ఎడమ గ్రంథిని తీయడం కన్నా మిక్కిలి కష్టం, ప్రమాదకరం. అందుచేత శస్త్రచికిత్స తలపెట్టినవారికి ఈ చిత్రం ఎంతో విలువైనది. ఇదే పరీక్షలో ప్రోస్టేట్‌ను, మూత్రాశయాన్ని, మిగిలిపోయిన అండాశయపు ముక్కను కూడా వెదకవచ్చు. అయితే ఇది పరీక్షించే వ్యక్తి నేర్పు మీద ఆధారపడినది. మిల్లీమీటర్లలో ఉన్న గ్రంథిని చూడడానికి అనుభవం కావాలి. పైగా వ్యాధి తొలిదశలో గ్రంథి పరిమాణం సాధారణంగానే ఉండవచ్చు.

ఎక్స్‌రే ఈ వ్యాధిని అరుదుగా మాత్రమే పట్టిస్తుంది. ఇంత చిన్న గ్రంథి అందులో కనిపించదు. గుండె, ఊపిరితిత్తుల స్థితిని తెలుసుకోవడానికి మాత్రం పనికివస్తుంది.

సాధారణ రక్తపరీక్ష అధివృక్క వ్యాధిని నిర్ధారించదు. కాని దానిని వదలరాదు. వయసు మళ్లిన ఫెరెట్లలో ఇన్సులినోమా అనే క్లోమ కంతి తరచుగా ఈ వ్యాధికి తోడుగా వస్తుంది. నాలుగు గంటలకు మించని ఉపవాసం తరువాత రక్తంలో చక్కెర డెసిలీటరుకు 60 మిల్లీగ్రాముల కన్నా తక్కువ ఉంటే ఇన్సులినోమాను గట్టిగా అనుమానించాలి. దానిని గుర్తించకుండా ఉపవాసం ఉంచి మత్తు ఇవ్వడం ప్రాణాపాయకరం. ఇక్కడ ఒక సూక్ష్మం కలదు. ఫెరెట్‌కు ఐసోఫ్లురేన్ మత్తు ఇచ్చిన కొద్ది నిమిషాలలోనే ఎర్రరక్తకణాల లెక్క గణనీయంగా పడిపోతుంది. ఆ స్థితిలో తీసిన రక్తాన్ని చూచి రక్తహీనత ఉన్నదని భ్రమించే అవకాశం ఉన్నది. పరీక్ష జరిపిన తీరే ఫలితాన్ని మార్చగలదనడానికి ఇది మంచి ఉదాహరణ.

తుది నిర్ణయం సూక్ష్మదర్శినిదే. గ్రంథిని తీసి, కణజాలాన్ని పరీక్షించినప్పుడే అది వృద్ధియో, కంతియో, క్యాన్సరో నిస్సందేహంగా తెలుస్తుంది.

సంఖ్యల మర్మం

పరీక్ష ఫలితానికి అర్థం పరీక్షకు ముందున్న అనుమానాన్ని బట్టి మారుతుంది. విషయం స్పష్టం కావడానికి కొన్ని ఊహాసంఖ్యలు తీసుకుందాం. ఒక పరీక్ష వ్యాధి ఉన్న 100 జీవులలో 90ని పట్టుకొంటుంది. వ్యాధి లేని 100 జీవులలో 10ని పొరపాటున రోగులని చెబుతుంది.

లక్షణాలన్నీ స్పష్టంగా ఉన్న 100 ఫెరెట్లను తీసుకుందాం. వాటిలో 80కి నిజంగా వ్యాధి ఉన్నదనుకుందాం. పరీక్ష వాటిలో 72ను పట్టి, 8ని వదలుతుంది. వ్యాధి లేని 20లో 18ని ఆరోగ్యవంతమైనవని సరిగా చెబుతుంది. అనగా వ్యాధి లేదన్న ఫలితం మొత్తం 26 ఫెరెట్లకు వస్తుంది. వాటిలో 8 నిజానికి రోగగ్రస్తాలే. దాదాపు మూడింట ఒకవంతు! ఆ ఫలితాన్ని నమ్మి చికిత్స మానివేస్తే ఆ ఎనిమిదింటికి అన్యాయం జరిగినట్లే.

ఇక లక్షణాలు ఏవీ లేని 100 ఫెరెట్లను ముందుజాగ్రత్త పేరుతో పరీక్షించామనుకుందాం. వాటిలో 10కి మాత్రమే వ్యాధి ఉన్నది. పరీక్ష వాటిలో 9ని పడుతుంది. ఆరోగ్యవంతమైన 90లో కూడా 9ని రోగులని చెబుతుంది. వ్యాధి ఉన్నదన్న 18 ఫలితాలలో సగం అసత్యాలు. పరీక్ష అదే, యంత్రం అదే; అర్థం మాత్రం మారింది. కనుక ఏ పరీక్షకైనా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఫలితం ఎటు వచ్చినా మనం చేయబోయే పని మారదా? మారకపోతే ఆ పరీక్ష అనవసరం.

ఎప్పుడు ఏది?

ఈ సూత్రాన్ని సందర్భాలకు అన్వయించి చూద్దాం.

నాలుగైదేళ్ల ఫెరెట్‌లో లక్షణాలు స్పష్టంగా ఉండి, యజమాని శస్త్రచికిత్సకు సిద్ధపడితే అల్ట్రాసౌండ్, సాధారణ రక్తపరీక్ష ముఖ్యం. అక్కడ ప్రశ్న వ్యాధి ఉన్నదా అని కాదు. ఏ వైపు ఉన్నది, మత్తును దేహం తట్టుకోగలదా అని.

శస్త్రచికిత్స కాక మందు మార్గమే ఎంచుకొంటే డెస్లోరెలిన్ అనే ఔషధపు కడ్డీని చర్మం కింద అమర్చుతారు. అమెరికాలో దీనిని ఫెరెట్ అధివృక్క వ్యాధికి వాడడానికి 2012 నుండి అనుమతి ఉన్నది. ఇది మొదట పీయూష గ్రంథిని కొద్దిగా రెచ్చగొట్టి, తరువాత అణచివేస్తుంది. హార్మోను పరీక్ష లేకుండానే లక్షణాలను బట్టి ఈ చికిత్స ప్రారంభించే వైద్యులు అనేకులు. చికిత్సకు గుణం కనిపించడం కూడా ఒక సాక్ష్యమే. కాని అది సంపూర్ణ సాక్ష్యం కాదు. మిగిలిపోయిన అండాశయపు ముక్క కూడా ఇదే మందుకు అణగుతుంది. కంతి పెరుగుదలను ఇది ఆపుతుందన్న హామీ కూడా లేదు.

ఏడాది, రెండేళ్ల లోపు ఆడ ఫెరెట్‌లో జననాంగం వాచితే ముందు మిగిలిన అండాశయాన్ని అనుమానించాలి. ఇక్కడ హార్మోను పరీక్ష తేల్చలేదు, అల్ట్రాసౌండ్ మేలు. హెచ్.సి.జి. ఇంజెక్షను ఇచ్చిన తరువాత వాపు తగ్గితే అనుమానం అండాశయం వైపు మొగ్గుతుంది.

లక్షణాలు అస్పష్టంగా ఉండి, తీర్పు అటో ఇటో తేలని సందర్భంలోనే హార్మోను పరీక్ష తన పూర్తి విలువ చూపుతుంది.

మగ ఫెరెట్ మూత్రానికి ముక్కుతూ బాధపడుతున్నదంటే అది అత్యవసర పరిస్థితి. ముందు అడ్డు తొలగించి ప్రాణం నిలపాలి. మూత్రపిండాల పనితీరును, రక్తంలోని పొటాషియాన్ని చూడాలి. అల్ట్రాసౌండ్‌తో ప్రోస్టేట్‌ను పరీక్షించాలి. హార్మోను ఫలితం దూరపు ప్రయోగశాల నుండి వచ్చేవరకు ఆ జీవి వేచి ఉండలేదు.

ముగింపు

మా పూర్వవిద్యార్థికి మేము ఈ విషయాలు చెప్పి, వైద్యుని ఒక్కటే అడగమన్నాము: “ఈ నాలుగు పరీక్షలలో ఏది మీ చికిత్సను మార్చగలదు?” వైద్యుడు ఆ ప్రశ్నకు సంతోషించి, అల్ట్రాసౌండ్, రక్తపరీక్ష చాలునన్నాడట. ఎడమ గ్రంథి పెరిగి ఉన్నది. చక్కెర సరిగానే ఉన్నది. శస్త్రచికిత్స ఖర్చు వారికి భారమైనందున ఔషధపు కడ్డీని అమర్చారు. రెండు నెలల తరువాత దాని వీపు మీద మెత్తని నూగు మొలిచిందని పాప స్వయంగా ఫోనులో చెప్పింది. ఆ గ్రంథి ఇంకా లోపలే ఉన్నదని, దానిని ఎప్పటికప్పుడు చూపించుకోవలసి ఉంటుందని తండ్రికి తెలుసు.

దాహంతో అలమటిస్తున్న కుక్కకు నీరు అందించిన మనిషికి దైవక్షమ లభించిందన్న ప్రవక్త బోధ మన విద్యార్థులకు తెలియనిది కాదు. ఫెరెట్‌ను అడవి నుండి ఇంటికి తెచ్చినది మనిషి. తన సౌకర్యం కొరకు దాని దేహాన్ని మార్చినదీ మనిషే. అట్టి జీవి మన చేతిలో ఒక అమానత్. దానికి వ్యాధి వచ్చినప్పుడు ఉన్న పరీక్షలన్నీ చేయించడం ప్రేమ కాదు. ఏమీ చేయించకపోవడం పొదుపు కాదు. తెలుసుకోవలసినదేమో ముందు నిశ్చయించుకొని, దానిని తెలుపగల పరీక్షను ఎన్నుకోవడమే వివేకం. చదువు ఏ శాఖదైనా మనకు నేర్పవలసినది ఈ సరియైన ప్రశ్న వేయడమే.